పత్రిక అంటే ఉత్తరం: తొలి క్రైస్తవ రచనలు ఎవరికోసం పుట్టాయి?

(గత ఆదివారం సాయంత్రం మా ఊరి గ్రంథాలయం హాల్లో జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారు కాబట్టి రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగతాదంతా వక్త మాటల్లోనే ఉంది.)

అందరికీ వందనాలు, నమస్కారాలు. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ హాల్లో ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, ఎప్పుడూ వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ అందేలా మాట్లాడాలని నా ప్రయత్నం. బైబిలు తెచ్చుకున్నవాళ్ళు ప్రస్తుతానికి మూసి ఒళ్ళో పెట్టుకోండి. దానితో చివర్లో పని ఉంది.

ముందు ఒక మాట అడుగుతాను. పత్రిక అంటే ఏమిటి? చెప్పండి, మొహమాటం వద్దు. పేపరు అంటున్నారు. సరే. దినపత్రిక, వారపత్రిక. పెళ్ళికి పిలిస్తే ఆహ్వాన పత్రిక. మరి తెలుగు బైబిల్లో రోమీయులకు వ్రాసిన పత్రిక, గలతీయులకు వ్రాసిన పత్రిక అని ఉంటాయి కదా, అక్కడ పత్రిక అంటే ఏమిటి? ఉత్తరం! ఒక మనిషి కూర్చుని, దూరాన ఉన్న ఇంకో మనిషికి రాసి పంపిన ఉత్తరం. కొత్త నిబంధనలో 27 పుస్తకాలు ఉంటే అందులో 21 ఉత్తరాలే. ఆ మాట వాడుకలో అర్థం మారిపోయేసరికి, మనం చదువుతున్నది ఎవరికో వచ్చిన ఉత్తరం అన్న సంగతే మనకు తట్టడం మానేసింది.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా వీధిలో ఒకావిడ ఉండేది. అందరం పెద్దమ్మ అనేవాళ్ళం. కొడుకు మిలట్రీలో ఉండేవాడు. ఆమెకు చదువు రాదు. ఇన్‌లాండ్ కవర్ వస్తే నన్ను పిలిచేది. "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టేవాణ్ణి. అసలు విషయం రెండు మూడు వాక్యాలే ఉండేది. ఇక్కడ చలి ఎక్కువగా ఉంది, డబ్బు పంపాను అందిందో లేదో రాయించు, గేదె ఈనిందా... అంతే. కానీ ఒక్కసారి చదివితే వదిలేది కాదు. "మళ్ళీ చదువు నాయనా" అనేది. నాలుగిళ్ళవాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చుని వినేవారు. విన్నాక ఆ ఉత్తరాన్ని ఏం చేసేదో తెలుసా? వాసానికి ఒక తీగ వేలాడుతూ ఉండేది, చివర కొక్కెంలా వంచిన తీగ. దానికి గుచ్చేది. మీలో పెద్దవాళ్ళకు ఆ తీగ గుర్తుండే ఉంటుంది. పదేళ్ళనాటి కార్డులు కూడా ఆ తీగకే ఉండేవి. వాటిలోని డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది, గేదె ఎప్పుడో పోయింది. ఉత్తరం మాత్రం పారేయలేదు.

ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ తీగ గురించే. ఎవరో ఎవరికో ఒక అవసరం మీద రాశారు. ఎవరో చదివి వినిపించారు. ఎవరో పారేయకుండా గుచ్చిపెట్టారు. ఈ మూడు పనులు చేసినవాళ్ళు వేరువేరు మనుషులు. పవిత్ర గ్రంథం అనగానే మనం మొదటివాడి గురించే ఆలోచిస్తాం. మిగతా ఇద్దరి సంగతి కూడా ఇవాళ చూద్దాం.

మొదటి పేజీ

కొత్త నిబంధన తెరిస్తే మొదట మత్తయి సువార్త, అంటే యేసు కథ చెప్పే పుస్తకం, కనిపిస్తుంది. కాబట్టి మొదట రాసింది అదే అనుకుంటాం. కాదు. పండితులు చాలామంది ఒప్పుకునే వరస ప్రకారం, మనకు దొరికిన క్రైస్తవ రచనల్లో మొట్టమొదటిది, ఊరూరా తిరిగి యేసు గురించి ప్రకటించిన పౌలు, థెస్సలొనీక అనే పట్నంలోని విశ్వాసులకు రాసిన మొదటి పత్రిక. క్రీ.శ. 50 ప్రాంతం. యేసును సిలువ వేసింది 30 ప్రాంతం అనుకుంటే మధ్యలో ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళలో రాసిన పేజీ ఒక్కటి కూడా మన చేతికి రాలేదు. ఎందుకని? అవసరం పడలేదు! చూసినవాళ్ళు బతికే ఉన్నారు, వెళ్ళి అడిగితే చెప్తారు. పైగా యేసు త్వరలోనే తిరిగి వస్తాడని వాళ్ళ నమ్మకం. రేపో మాపో వచ్చేవాడి గురించి పుస్తకం ఎవరు రాస్తారు?

50 అని అంత కచ్చితంగా ఎలా చెప్తారండీ అని అడగొచ్చు. అడగాలి కూడా. కొత్త నిబంధనలోనే ఉన్న అపొస్తలుల కార్యములు అనే పుస్తకం 18వ అధ్యాయంలో, పౌలు గ్రీసులోని కొరింథులో ఉండగా గల్లియోను అనే అధిపతి ముందుకు ఆయన్ను లాక్కొచ్చారని ఉంది. గ్రీసులో దెల్ఫీ అనే చోట రాతి ముక్కలు దొరికాయి. రోమా చక్రవర్తి క్లౌదియ పంపిన ఒక ఉత్తరాన్ని ఆ రాతి మీద చెక్కించారు. అందులో ఈ గల్లియోను పేరుంది. చక్రవర్తి బిరుదుల లెక్కను బట్టి గల్లియోను పదవిలో ఉన్నది 51, 52 సంవత్సరాల్లో అని తేలింది. పౌలు జీవితంలో తేదీలన్నిటినీ ఈ ఒక్క మేకుకు తగిలించి లెక్కవేస్తారు.

ఇప్పుడు అసలు సంగతికి రండి. థెస్సలొనీకలో పౌలు ఎక్కువ కాలం ఉండలేదు. గొడవలై రాత్రికి రాత్రి బయటపడ్డాడు. వెనక వదిలేసి వచ్చినవాళ్ళు ఏమయ్యారో తెలియక ఒకటే బెంగ. ఏథెన్సు నుంచి తన సహచరుడు తిమోతిని పంపాడు. తిమోతి వెళ్ళి చూసి తిరిగొచ్చాడు. బాగున్నారు, నిలబడ్డారు, కానీ ఒక ప్రశ్న వాళ్ళను తినేస్తోంది. ఏమిటా ప్రశ్న? ప్రభువు వస్తాడన్నారు కదా, ఈలోగా మా వాళ్ళు కొందరు చనిపోయారు, మరి వాళ్ళ సంగతేమిటి? నాలుగో అధ్యాయంలో దానికి జవాబు ఉంటుంది. నిద్రించువారిని గూర్చి మీకు తెలియకుండడం నాకిష్టం లేదు అని మొదలుపెడతాడు.

ఒక్క నిమిషం ఆగండి ఇక్కడ. ఈ మతంలో మనకు మిగిలిన మొట్టమొదటి కాగితం సిద్ధాంత గ్రంథం కాదు. చావు జరిగిన ఇళ్ళకు రాసిన ఓదార్పు ఉత్తరం. ఈ ముక్క నాకు తెలిసిన రోజున చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. ఎన్ని సమాధుల దగ్గర ఆ వాక్యాలు చదవగా విన్నాను నేను! మొదటిసారి వాటిని రాసిందీ ఆ పనికే.

ఆ ఉత్తరం చివర్లో పౌలు ఏమంటాడంటే, సహోదరులందరికీ దీన్ని చదివి వినిపించాలని ప్రభువు పేర ఆన పెడుతున్నాను అంటాడు. ఒట్టు పెట్టి మరీ చెప్పడం ఎందుకు? వాళ్ళలో చాలామందికి చదువు రాదు. ఆనాటి రోమా సామ్రాజ్యంలో చదవగలిగినవాళ్ళు నూటికి పది, పదిహేను మంది అని చరిత్రకారుల అంచనా. అంటే పెద్దమ్మలే ఎక్కువ, ఆరో తరగతి కుర్రాళ్ళు తక్కువ. ప్రకటన గ్రంథం మొదట్లో చూడండి. "చదువువాడును" అని ఏకవచనం, "గైకొనువారును" అని బహువచనం. చదివేవాడు ఒక్కడు, వినేవాళ్ళు అందరూ. మన తెలుగు అనువాదంలో ఆ తేడా చెక్కుచెదరకుండా ఉంది. నేను ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. ఒక వాక్యంలో వచనం మారితే నా చెవికి తగలాలి. ఎన్నో ఏళ్ళు చదివాను, తగల్లేదు.

చెప్తుంటే రాసుకున్న మాటలు

కొరింథు సంగతి చెప్తాను. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు.

పౌలు ఎఫెసులో, అంటే ఇప్పటి టర్కీలో, ఉన్నాడు. కొరింథు నుంచి క్లోయె ఇంటివాళ్ళు వచ్చారు. వచ్చి చెప్పారు, అక్కడ కలహాలు పుట్టాయి, నేను పౌలు వాణ్ణి, నేను అపొల్లో అనే ఇంకో బోధకుడి వాణ్ణి అని జట్లు కట్టుకుంటున్నారు అని. పైగా ఆ సంఘం వాళ్ళే పెళ్ళి గురించి, విగ్రహాలకు పెట్టిన మాంసం గురించి ప్రశ్నలు రాసి పంపారు. ఏడో అధ్యాయం తీస్తే, మీరు వ్రాసినవాటి విషయము అని ఉంటుంది. అంటే మనం వింటున్నది ఫోనులో ఒక వైపు మాటలే. అవతలివాళ్ళు అడిగిన ఉత్తరం మనకు దొరకలేదు. అంతకుముందు పౌలు రాసిన ఇంకో ఉత్తరం కూడా ఉంది, ఐదో అధ్యాయంలో ఆయనే చెప్తాడు. అదీ దొరకలేదు. ఆ తీగ మీదకు ఎక్కనివి కూడా ఉన్నాయి.

ఇప్పుడు మొదటి అధ్యాయంలో ఏం జరుగుతుందో చూడండి. కోపంగా ఉన్నాడు. నా పేర మీరు జట్లు కడతారా అన్న కోపం. అంటాడు, దేవునికి స్తోత్రం, క్రిస్పుకీ గాయికీ తప్ప మీలో ఇంకెవ్వరికీ నేను బాప్తిస్మం ఇవ్వలేదు. సరేనా? వెంటనే, ఒక వాక్యం దాటాక, స్తెఫను ఇంటివాళ్ళకు కూడా ఇచ్చాను అంటాడు. ఆ తర్వాత, వీళ్ళకు తప్ప ఇంకెవరికైనా ఇచ్చానేమో నాకు తెలియదు అంటాడు!

ఏం జరిగింది అక్కడ? ఆయన చెప్తున్నాడు, ఒకరు రాస్తున్నారు. పక్కనుంచి ఎవరో, స్తెఫను ఇంటివాళ్ళో అని గుర్తుచేసి ఉండొచ్చు. ఆ స్తెఫను అప్పుడు ఎఫెసులోనే ఉన్నాడు మరి, చివరి అధ్యాయంలో ఆయన వచ్చాడని రాసి ఉంది. లేకపోతే పౌలుకే గుర్తొచ్చి ఉండొచ్చు. ఏదైనా, రాసినదాన్ని కొట్టేసి మళ్ళీ శుభ్రంగా రాయలేదు. అలాగే వదిలేశారు. రెండు వేల ఏళ్ళ నుంచి ఎత్తి రాసిన ప్రతి లేఖకుడూ ఆ తడబాటును అలాగే ఎత్తి రాశాడు. ఆ గదిలో పౌలు గొంతు మనకు వినిపిస్తోందా లేదా? నాకైతే వినిపిస్తుంది.

రాసేవాడి పేరు కూడా ఒకచోట తెలుస్తుంది. రోమా పత్రిక 16వ అధ్యాయం, 22వ వచనం. ఈ పత్రిక రాసిన తెర్తియు అనే నేను మీకు వందనాలు చెప్తున్నాను అని ఉంది. పదహారు అధ్యాయాలు పౌలు మాటలు రాసి రాసి, చివర్లో ఒక్క వాక్యం తన సొంతానికి రాసుకున్నాడు ఆ మనిషి. ఇక గలతీయులకు రాసినదాని చివర పౌలు తానే కలం తీసుకుని, చూడండి నా సొంత చేత్తో ఎంత పెద్ద అక్షరాలు రాస్తున్నానో అంటాడు. సంతకం పెట్టడం మాత్రమే నేర్చుకున్న మన తాతల అక్షరాలు గుర్తొస్తాయి నాకు. పౌలు చదువుకున్నవాడే, నేను ఆ మాట అనడం లేదు. అలవాటుగా గొలుసుకట్టు రాసే లేఖకుడి పక్కన ఆయన అక్షరాలు పెద్దవిగా కనిపించి ఉంటాయి.

మరి రోమాకు ఆ ఉత్తరం ఎలా వెళ్ళింది? మనలాంటివాళ్ళకు పోస్టు లేదు. ప్రభుత్వ టపా ప్రభుత్వానికే. ఎవరైనా ఆ దారిన వెళ్తుంటే చేతికి ఇచ్చి పంపాల్సిందే. అదే 16వ అధ్యాయం మొదటి వచనంలో ఫీబే అని ఒకామె. కొరింథు పక్కనున్న రేవు కెంక్రేయ, అక్కడి సంఘంలో సేవ చేసే ఆమె. ఆమెను చేర్చుకోండి, ఏ సాయం కావాలన్నా చేయండి అని పౌలు సిఫారసు చేస్తాడు. ఉత్తరం తెచ్చింది ఆమే అని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. సముద్రం మీద వారాల ప్రయాణం. చుట్టచుట్టిన ఆ ఉత్తరం తడిసినా, పోయినా, రోమా పత్రిక అనేదే ఇవాళ ఉండదు. దాని మీద తర్వాత ఎన్ని వేల వ్యాఖ్యానాలు పుట్టాయి! మొదట మోసుకొచ్చింది ఒక స్త్రీ సంచిలో. అక్కడివాళ్ళు ఇదేంటి, ఇక్కడ ఇలా ఎందుకన్నాడు అని అడిగితే మొదట జవాబు చెప్పాల్సి వచ్చింది కూడా ఆమెకే అయి ఉంటుంది.

పౌలు పేరు మీద 13 పత్రికలు ఉన్నాయి. వాటిలో ఏడింటి విషయంలో గొడవ లేదు. రోమా, రెండు కొరింథు పత్రికలు, గలతీ, ఫిలిప్పీ, మొదటి థెస్సలొనీక, ఫిలేమోను. మిగతావాటిలో కొన్ని శిష్యులు గురువు పేరుతో రాశారని కొందరు అంటారు, కాదు పౌలువే అని కొందరు అంటారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో కొందరికి మొదటి మాట వినడానికే కష్టంగా ఉంటుందని తెలుసు. ఇవాళ దాన్ని తేల్చను. ఇలా అడగడం వల్ల ఆ పుస్తకాలకు తక్కువైపోయేది ఏమీ లేదని మాత్రం నా నమ్మకం.

ఉత్తరాల తర్వాత సువార్తలు

మరి సువార్తలు ఎందుకు రాశారు? చూసినవాళ్ళు పోతున్నారు కాబట్టి. ప్రభువు సహోదరుడు యాకోబును 62లో యెరూషలేములో చంపారు. యేసు శిష్యుడు పేతురు, పౌలు ఇద్దరూ నీరో చక్రవర్తి కాలంలో రోమాలో చనిపోయారని సంఘం గుర్తుపెట్టుకుంది. 70లో రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టింది. వెళ్ళి అడుగుదామంటే మనుషులు లేరు, చూద్దామంటే చోటు లేదు. మార్కు సువార్త ఆ రోజుల్లోనే, 70కి కాస్త అటూ ఇటూగా పుట్టిందని ఎక్కువమంది లెక్క. మత్తయి, లూకా ఆ తర్వాత పదిపదిహేనేళ్ళకు. యోహాను శతాబ్దం చివర.

రెండో శతాబ్దం మొదట్లో పపియ అని ఒక బిషప్ ఉండేవాడు, ఇప్పటి టర్కీలో. ఆయన మాటలు కొన్ని మిగిలాయి. పెద్దలతో తిరిగినవాళ్ళు ఎవరొచ్చినా, పేతురు ఏమన్నాడు, యోహాను ఏమన్నాడు అని అడిగేవాణ్ణి, పుస్తకాల కన్నా జీవమున్న గొంతు నుంచి వచ్చిందే నాకు ఎక్కువ మేలు అనిపించేది అంటాడు. సువార్తలు వచ్చాక కూడా అలా అన్నాడాయన! మార్కు పేతురుకు దుబాసీగా ఉండి, ఆయన చెప్పినవి గుర్తున్నంతవరకు రాశాడని చెప్పింది కూడా ఈయనే.

మార్కులో ఒక చిన్న చోటు దగ్గరగా చూద్దాం. యాయీరు కూతురు, పన్నెండేళ్ళ పిల్ల, చనిపోయింది. యేసు అందరినీ బయటికి పంపి, తల్లిదండ్రులనూ ముగ్గురు శిష్యులనూ మాత్రం లోపలికి తీసుకెళ్ళాడు. పిల్ల చెయ్యి పట్టుకుని "తలీతాకుమీ" అన్నాడు. పుస్తకమంతా గ్రీకులో ఉంది. ఈ మాట మాత్రం అరామిక్‌లో ఉంది. ఆయన ఇంట్లో మాట్లాడిన భాష. రాసినాయన వెంటనే, చిన్నదానా లెమ్మని నీతో చెప్తున్నాను అని దాని అర్థం, అని చెప్తాడు.

అర్థం ఎలాగూ చెప్తున్నప్పుడు ఆ అరామిక్ మాట ఎందుకు ఉంచాలి? నాకు తోచింది చెప్తాను. ఆ గదిలో ఉన్నవాళ్ళు ఎవరో ఆ మాట చెప్పిన ప్రతిసారీ అలాగే చెప్పి ఉంటారు. అనువదించబుద్ధి కాలేదు. మనవాళ్ళు అమెరికాలో ముప్పై ఏళ్ళుండి, పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడుతూ, మా నాన్న పోయేముందు "జాగ్రత్త నాన్నా" అన్నాడు అని ఆ ఒక్క ముక్క తెలుగులోనే చెప్తారు. ఇదీ అంతే. అర్థం పక్కన రాశాడంటే, వినేవాళ్ళకు అరామిక్ రాదన్నమాట. ఏడో అధ్యాయంలో యూదుల చేతులు కడుక్కునే ఆచారం కూడా విడమరచి చెప్తాడు. ఎవరికోసం రాశాడో ఆ రెండు చోట్లనే తెలిసిపోతుంది.

మత్తయి అలా కాదు. ప్రవక్త చెప్పినది నెరవేరునట్లు, నెరవేరునట్లు అని పదేపదే వస్తుంది. పాత గ్రంథం నోటికి వచ్చినవాళ్ళతో మాట్లాడుతున్నాడు. మార్కులో ఉన్న 661 వచనాల్లో దాదాపు 600 మత్తయిలో ఏదో ఒక రూపంలో ఉన్నాయి. అంటే మార్కు చేతిలో పెట్టుకుని, తన వాళ్ళ కోసం మళ్ళీ కట్టాడని ఎక్కువమంది అభిప్రాయం. లూకా అయితే దాచుకోకుండా మొదటి నాలుగు వచనాల్లోనే చెప్పేశాడు. చాలామంది రాయడానికి పూనుకున్నారు, నేను కూడా మొదటి నుంచి అన్నీ తరచి చూసి వరసగా రాస్తున్నాను, తెయొఫిలా, నీకు నేర్పినవి నిజమని నువ్వు తెలుసుకోవాలని. యోహాను 20వ అధ్యాయం చివర, మీరు నమ్మాలని, నమ్మి జీవం పొందాలని ఇవి రాశాను అంటాడు. ఎందుకు రాశారు అని మనం ఊహించనక్కర్లేదు, వాళ్ళే చెప్పారు.

ఏది ఉంచాలి

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో నైకియాలో సభ పెట్టి, ఏ పుస్తకాలు ఉండాలో ఓటు వేయించాడు అని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఆ సభ చేసిన 20 నియమాలు మనకు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా పుస్తకాల జాబితా గురించి కాదు. మన దగ్గరున్న 27 పుస్తకాల పట్టిక సరిగ్గా అలాగే కనిపించేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ రాసిన పండగ ఉత్తరంలో. చూశారా, అదీ ఉత్తరమే!

కానీ ఆయన పట్టిక రాసే నాటికి వాటిలో ఎక్కువ పుస్తకాలు రెండు వందల ఏళ్ళుగా చదువుతున్నవే. 155 ప్రాంతంలో రోమాలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాశాడు, ఆదివారం పట్నాల్లోవాళ్ళు, పల్లెల్లోవాళ్ళు ఒకచోట చేరతారు, అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో సమయం ఉన్నంతసేపు చదువుతారు అని. సమయం ఉన్నంతసేపు! ఇలా ఆదివారం తర్వాత ఆదివారం చదవగా చదవగా ఏది నిలిచిందో అదే నిలిచింది. కొన్నిటి మీద చాలా కాలం అనుమానాలు నడిచాయి. హెబ్రీ, రెండో పేతురు, యూదా, ప్రకటన, ఇలాంటివి. సిరియాక్ భాషలోని పెషిట్టా అనే బైబిలు అనువాదంలో మొదట 22 పుస్తకాలే ఉండేవి. మన పక్కనున్న కేరళ సిరియన్ క్రైస్తవులది ఆ సంప్రదాయమే.

బయట ఉండిపోయినవీ ఉన్నాయి. అంతియొకయ బిషప్ సెరాపియన్ కథ చెప్పి ముందుకెళ్తాను. రెండో శతాబ్దం చివర. రోస్సస్ అనే ఊళ్ళో పేతురు సువార్త అని ఒకటి చదువుతున్నారు, దాని మీద గొడవ. ఆయన వెళ్ళాడు, ఆ పుస్తకం తాను చదవలేదు, గొడవ దీనికేనా, అయితే చదువుకోనివ్వండి అన్నాడు. తర్వాత ఒక ప్రతి సంపాదించి పూర్తిగా చదివాడు. చాలావరకు సరిగానే ఉంది, కొన్ని మాత్రం కలిపారు అని తేల్చి, తన మాట మార్చుకున్నాడు. మొదట చదవకుండా ఒప్పుకున్నాను అని తానే రాశాడు. ఆ నిజాయితీ నాకు గొప్పగా అనిపిస్తుంది.

పెట్టెలో ఏముంది?

ఇక దాచినవాళ్ళ సంగతి. 180 జూలై 17. ఉత్తర ఆఫ్రికాలో కార్తేజి. ఒక పల్లె నుంచి పట్టుకొచ్చిన క్రైస్తవులు, ఏడుగురు మగవాళ్ళు, ఐదుగురు ఆడవాళ్ళు, అధిపతి సాటర్నినస్ ముందు నిలబడ్డారు. ఆయన అడిగాడు, ఆ పెట్టెలో ఏమున్నాయి? స్పెరాటస్ అనే ఆయన చెప్పాడు, పుస్తకాలు, నీతిమంతుడైన పౌలు ఉత్తరాలు. ముప్పై రోజులు గడువిస్తాను, ఆలోచించుకోండి అన్నారు. వద్దన్నారు. ఆ రోజే చంపేశారు. పౌలు చనిపోయి వందేళ్ళు దాటింది. ఆ ఉత్తరాల్లో ఒక్కటి కూడా ఆ పల్లెకు రాసింది కాదు. అయినా పెట్టెలో పెట్టుకుని వెంట తెచ్చుకున్నారు.

303లో డయోక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల పుస్తకాలు తగలబెట్టాలని శాసనం వేశాడు. ఆ ఏడాది మే 19న సిర్టా పట్నంలో, అంటే ఇప్పటి అల్జీరియాలో, సోదా జరిగింది. ఆ సోదా రికార్డు మనకు మిగిలింది. తర్వాత ఒక కోర్టు విచారణలో దాన్ని చదివి వినిపించారు కాబట్టి. మన రెవెన్యూ వాళ్ళు పంచనామా రాసినట్టే ఉంటుంది. బంగారు గిన్నెలు రెండు, వెండి గిన్నెలు ఆరు, ఆడవాళ్ళ అంగీలు 82, మగవాళ్ళవి 16, ఆడవాళ్ళ చెప్పులు 47 జతలు, మగవాళ్ళవి 13 జతలు. పేదవాళ్ళకు పంచడానికి పెట్టుకున్నవి అయి ఉంటాయి. పుస్తకాల గదిలో చూస్తే బీరువాలు ఖాళీ. ఒకే ఒక పెద్ద పుస్తకం బయటికి తెచ్చారు. ఒక్కటే ఎందుకు ఇచ్చారు అని అడిగితే, మిగతావి సంఘంలో చదివి వినిపించేవాళ్ళ దగ్గర ఉన్నాయి అన్నారు. చదివేవాళ్ళ ఇళ్ళు చూపించండి అంటే, మేము ద్రోహులం కాము, ఇక్కడే ఉన్నాం, చంపమనండి అన్నారు ఇద్దరు.

ఇల్లిల్లూ తిరిగారు. ఒకరి దగ్గర నాలుగు. రాళ్ళు పొదిగే పనివాడు ఫెలిక్స్ దగ్గర ఐదు. విక్టోరినస్ దగ్గర ఎనిమిది. బడిపంతులు విక్టర్ దగ్గర రెండు పుస్తకాలు, కుట్టని కాగితాల కట్టలు నాలుగు. చివరికి కొడ్డెయో అనే ఆయన ఇంటికి వెళ్ళారు. ఆయన లేడు, భార్య ఉంది. ఆరు పుస్తకాలు తెచ్చి ఇచ్చింది. ఇంకా ఉన్నాయేమో చూడు అన్నారు. లేవంది. బంట్రోతును లోపలికి పంపి వెతికించారు. వాడు వచ్చి, వెతికాను, ఏమీ దొరకలేదు అన్నాడు. అక్కడితో ఆ రికార్డులో ఆమె కథ అయిపోతుంది. ఆమె పేరు కూడా రాయలేదు.

ఇచ్చేసినవాళ్ళను తర్వాతివాళ్ళు చాలా మాటలన్నారు. ఆ పగ వందేళ్ళకు పైగా ఆఫ్రికా సంఘాలను చీల్చింది. నేను మాత్రం వాళ్ళను తప్పుపట్టలేను. నాకు ఆ జాబితాలో కనిపించేది వేరే. ఆ పుస్తకాలు ఉన్నది రాళ్ళు పొదిగేవాడి ఇంట్లో, బడిపంతులు ఇంట్లో. ఆదివారం చదవాలి కాబట్టి చదివేవాడి ఇంట్లో పెట్టుకున్నారు. అన్ని చోట్లా ఇలా తగలబెట్టగా, ఈజిప్టు ఇసుకలో పాతబడగా, ఆనాటివి ఎక్కువగా ముక్కలే మిగిలాయి. మాంచెస్టర్‌లో ఒక ముక్క ఉంది, యోహాను సువార్తది, రెండో శతాబ్దానిదని ఎక్కువమంది లెక్క. 9 సెంటీమీటర్ల పొడవు కూడా లేదు, వెడల్పు 6. అరచేతిలో పడుతుంది. రెండు వైపులా రాసి ఉంది, రోమా అధిపతి పిలాతు ముందు యేసు విచారణ.

మన దగ్గరకు ఎలా వచ్చాయో ఒక్క ముక్క. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు మిషనరీలు, ఆనందరాయర్ అనే తెలుగాయన సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. మత్తయి, మార్కు, లూకా 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికే క్రాన్, డెగ్రాంజ్ ఇద్దరూ చనిపోయారు. ఆ అచ్చు వాళ్ళు చూడలేదు.

సరే. ఇప్పుడు చివరి పని. ఫిలేమోను పత్రిక. ఒకే అధ్యాయం, 25 వచనాలు. ఒనేసిము అనే దాసుడు యజమాని ఫిలేమోను దగ్గర నుంచి వెళ్ళిపోయి, చెరసాలలో ఉన్న పౌలు దగ్గరకు చేరాడు. పౌలు అతన్ని ఈ ఉత్తరంతో తిరిగి పంపుతున్నాడు. అయితే ఎవరి పేర రాశాడో గమనించండి. ఫిలేమోనుకు, అప్ఫియకు, అర్ఖిప్పుకు, నీ ఇంట ఉన్న సంఘానికి. అంటే విడిగా చదువుకుని జేబులో పెట్టుకునే ఉత్తరం కాదు. అందరి ముందూ చదవాలి. ఒనేసిము అంటే ప్రయోజనకరమైనవాడు అని అర్థం. ఒకప్పుడు నీకు పనికిరానివాడు, ఇప్పుడు నీకూ నాకూ పనికొచ్చేవాడు అని ఆ పేరు మీదే మాట వేస్తాడు పౌలు. అతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి, నేనే తీరుస్తాను, ఇదిగో నా చేత్తో రాస్తున్నాను అంటాడు. ఫిలేమోను ఏం చేశాడో ఆ ఉత్తరంలో ఉండదు. కానీ అది చింపేసి ఉంటే మన దాకా వచ్చేదా?

ఇందాక బైబిళ్ళు మూసి పెట్టమన్నాను. వాటిని ఇప్పుడు కూడా తెరవొద్దు. దీన్ని కళ్ళతో చదవడానికి రాయలేదు. ముందు వరసలో కూర్చున్న ఈ అమ్మాయి చదువుతుంది, మనం విందాం. ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఇది ఫిలేమోను ఇల్లు అనుకోండి. చుట్టూ కూర్చున్నది ఆ సంఘం. అదిగో ఆ తలుపు దగ్గర, దుమ్ము కాళ్ళతో, తన గురించి ఏం రాశారో తెలియకుండా ఒనేసిము నిలబడి ఉన్నాడు.

చదువు తల్లీ.